ఐదో కాంటూరు మీద మాట్లాడే ముందు

సుధా,

ఉద్యోగం మానేసి, కొల్లేరు అభయారణ్యం హద్దు తగ్గించకూడదనే పని కోసం కైకలూరులో గది చూసుకున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. అక్కయ్యకి ఏదో సర్దిచెప్పి, ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యతో "చూశావా మన పిల్లని!" అన్నాను. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదనుకో.

సమాచార హక్కు దరఖాస్తు ఎలా పెట్టాలో నీకు నేను చెప్పక్కర్లేదు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ మన బెంచి చెన్నైలో ఉంది, కేసుకి ఆరు నెలల గడువు. రసీదు తీసుకోకుండా ఏ ఆఫీసులోనూ కాగితం ఇవ్వకు.

నువ్వు పంపిన కరపత్రం చదివాను. మొదటి పేజీ నిండా ఆటపాక గూడబాతులే! బొమ్మలు బాగున్నాయి. కానీ లంక గ్రామంలో అది పంచితే, "మాకంటే పిట్టలెక్కువా?" అని నీ మొహం మీదే అడుగుతారు. 2006 నుంచీ వాళ్ల కడుపులో ఉన్న ప్రశ్న అది.

ఆ కథ నీకు సరిగ్గా తెలియాలి. 1970ల్లో మత్స్యకారుల సొసైటీలకు చెరువులు తవ్వించి ఇచ్చింది ప్రభుత్వమే. తర్వాత పెట్టుబడి ఉన్నవాళ్లు వచ్చి లీజుకి తీసుకున్నారు. కాగితం మీద సొసైటీ, చెరువులో చేప ఇంకొకరిది. 1999లో ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. ఆ గీత నేల మీద ఎక్కడా కనపడదు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలిపితే వచ్చే గీత. సర్వే ఉద్యోగంలో లెవెల్ పెట్టి చూసేవాణ్ణి నేనే చాలాసార్లు తికమకపడేవాణ్ణి. ఇక రైతుకి ఏం తెలుస్తుంది? 2006లో, సుప్రీంకోర్టు సాధికార కమిటీ గట్టిగా పట్టుకున్నాక, పొక్లెయిన్లు దిగి ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశాయి. కొట్టాల్సినవే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ లీజుదారు వేరే చోట చెరువు చూసుకున్నాడు. గట్టు మీద కాపలా ఉన్నవాడు, తవుడు సంచులకి చిల్లులు పొడిచి కర్రలకి కట్టేవాడు, వలలాగే కూలీ, వీళ్లకి మర్నాటి నుంచి పనేమిటో ఎవరూ గట్టిగా ఆలోచించలేదు. పర్యావరణం వాళ్లు గెలిచామన్నారు. ఊళ్లు ఓడిపోయామనుకున్నాయి. ఆ తర్వాత గట్లు మళ్లీ లేచాయంటే ఆశ్చర్యమేముంది? 2008లో అసెంబ్లీ మూడో కాంటూరుకి తగ్గించమని తీర్మానం చేసిందంటే ఆ కోపం కూడా ఓ కారణమే. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఐదే ఉండాలంది. జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు లేకుండా రాష్ట్రం ఒక్కటే హద్దు మార్చలేదు కూడా. చట్టం నీ వైపే ఉంది, నిజమే. ఊరు నీ వైపు ఉందా?

కాబట్టి వరద దగ్గర మొదలుపెట్టు. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు చివరికి చేరేది కొల్లేరుకే. తమ్మిలేరూ అక్కడికే. ఆ నీళ్లన్నీ సముద్రానికి పోవాలంటే ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. నేల బల్లపరుపు. ఐదు నుంచి మూడుకి, రెండడుగులు తగ్గిస్తే చాలు, బోలెడు విస్తీర్ణం హద్దు బయటికి పోతుంది. అక్కడ గట్లు లేస్తే నీరు ఎవరి ఇంట్లోకి వస్తుందో లంకవాళ్లకి నీకంటే బాగా తెలుసు. అడుగు, వాళ్లే చెబుతారు. జిరాయితీ భూములు, అంటే సొంత పట్టా భూములున్నవాళ్లకి పరిహారం సంగతి నీ పిటిషన్‌లోనే రాయి. కూలీల పని సంగతి కూడా.

ఇంకో మాట, ఇది మాత్రం వినాలి. చీకటి పడ్డాక గట్ల మీద స్కూటీ నడపకు. నీకు నవ్వొస్తుందని తెలుసు. ఎవరో ఏదో చేస్తారని కాదు నా టెన్షన్. ఆ గట్లు మట్టివి, వాన పడితే సబ్బులా ఉంటాయి, రెండు పక్కలా నీళ్లు. నీకు ఈత రాదు. చిన్నప్పుడు నేర్పిస్తానంటే మీ అమ్మ పడనివ్వలేదు, ఇప్పుడు చూడు ఎక్కడికి వెళ్లావో! మీటింగ్ లేటైతే ఆ ఊళ్లోనే ఎవరింట్లోనైనా పడుకో. వాళ్లు పెట్టింది తిను. నీ కరపత్రం కంటే అదే ఎక్కువ పని చేస్తుంది.

పిటిషన్ దాఖలు చేసే ముందు సర్వే నంబర్ల జాబితా నాకు పంపు, ఊరి భూముల రికార్డు అడంగల్‌తో సరిపోల్చి ఇస్తాను. అమ్మకి రోజూ ఫోన్ చెయ్యి. అత్తయ్య గోంగూర పచ్చడి కలుపుతోంది, ఆదివారం నేనే బస్సులో తెస్తాను.

మీ మామయ్య