అల్లుడికి, ఆ పెద్ద బండి సంగతి

జయపురం

చిరంజీవి మేనల్లుణ్ణి మావయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పంపిన రెండు బండ్ల ఫొటోలూ చూశాను. ఢిల్లీలో పోర్షే కయెన్ డీజిల్, బెంగళూరులో బీఎండబ్ల్యూ ఎక్స్‌5. కొత్తలో కోటి దరిదాపుల్లో పలికిన బండి ఇప్పుడు కొత్త ఇన్నోవా కన్నా తక్కువకి వస్తోందంటే ఆశ పుట్టడంలో తప్పేం లేదు. కానీ ఒక్కటి బుర్రలో పెట్టుకో. పడిపోయింది బండి ధరే, సామాన్ల ధర కాదు. ఎయిర్ స్ప్రింగయినా, హెడ్‌లైటయినా, టర్బో అయినా కోటి రూపాయల బండి లెక్కనే కొనాలి. అందుకని చేతిలో ఉన్నదంతా ఊడ్చి బండికి పెట్టకు. మూడు వాటాలు వేసి, రెండు వాటాల్లో వచ్చే బండి చూసుకో. మూడోది మొదటి ఏడాది రిపేర్లకి బ్యాంకులో ఉండనీ. అలా కుదరదంటే మంచి ఫార్చ్యూనర్ కొనుక్కో, నేనేం చిన్నచూపు చూడను.

ఢిల్లీ బండి అంత చవకేంటని అడిగావు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టారు కదా, ఆ భయంతో గడువు దగ్గరపడే కొద్దీ వదిలించుకుంటారు. బండి మంచిదే కావచ్చు. కాగితాలే కత్తి మీద సాము. అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ, అంటే ఫారం 28, చేతికి రాకుండా అడ్వాన్సు తప్ప పైసా ఇవ్వకు. పేరు మార్పిడికిచ్చే ఫారం 29, 30 మీద అమ్మేవాడి వైపు ఆర్సీలో పేరున్న మనిషే సంతకం పెట్టాలి, బ్రోకరు కాదు. బండి మీద అప్పు ఉంటే అది తీరిందని చూపే ఫారం 35 కూడా అడుగు. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచుకుంటే మన కోరాపుట్ నంబరు, ఓడీ 10, వేయించుకోక తప్పదు, ఆ రోడ్ టాక్స్ ఇప్పుడే లెక్కలో కలుపు. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లోగా నీ పేరుకి మార్చమని అర్జీ పెట్టు. అమ్మినవాడి నో క్లెయిమ్ బోనస్ నీకు రాదు, అది బండితో కాదు, మనిషితో పోతుంది.

ఇక బండి చూడటం. ఒక్క గంటలో చూసి వచ్చేస్తే కుదరదు. రాత్రి చదునైన నేల మీద నిలబెట్టించి పొద్దున్నే వెళ్లు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి, అంటే ఇనప స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నిలబడేది, ఒక మూల కిందకి కూర్చుందంటే అక్కడ గాలి పోతోంది. ఆ లోటు పూడ్చడానికి కంప్రెసర్ అస్తమానూ తిరిగి తిరిగి అదీ కాలిపోతుంది, ఖర్చు రెండింతలు. తర్వాత బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నీకోసం ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, మర్నాడు వస్తానని చెప్పు. చల్లటి ఇంజన్ అందుకున్న మొదటి రెండు మూడు సెకన్లలోనే ఇంజన్ లోపలి టైమింగ్ చెయిన్ వదులైతే దాని గలగల వినపడుతుంది, నల్లపొగో నీలం పొగో కూడా అప్పుడే తెలుస్తుంది. అమ్మేవాళ్లు సరిగ్గా అప్పుడే మాటల్లో పెడతారు. నోరు మూసుకోమను.

నీట మునిగిన బండి కాదని తేల్చుకో. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2022లో బెంగళూరు మునిగాయి. అక్కడ నీళ్లలో నిలబడ్డ ఖరీదైన బండ్లన్నీ తుక్కుకి పోలేదు. సీటు బెల్టు చివరిదాకా, ఇంక రానంతవరకూ లాగు. పైన తళతళలాడే బెల్టు లోపలి మూరెడులో బురద గీత పట్టుకుని ఉంటుంది, కడిగేవాడి చెయ్యి అక్కడికి పోదు. సీటు పట్టాల కింద బోల్టులు తుప్పు పట్టాయా, కార్పెట్ కింద స్పాంజి వాసన వేస్తోందా చూడు.

మీటరు నమ్మకు. కంప్యూటర్ స్కాన్ చేయించు, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్నచోటే. ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో కంట్రోల్ యూనిట్ నుంచి కొన్ని బండ్లలో తీయొచ్చు. కిలోమీటర్లని ఆ గంటలతో భాగించు. ఊళ్లో తిరిగిన బండికి గంటకి ఇంచుమించు ఇరవై, ముప్ఫై కిలోమీటర్లు వస్తుంది. యాభై వేల కిలోమీటర్లు, ఐదు వేల గంటలు అన్నదనుకో, గంటకి పది. మీటరు వెనక్కి తిప్పారేమోనని గట్టిగా అనుమానించాల్సిందే.

గేర్‌బాక్స్ ఆయిల్ గురించి అడిగితే అది జీవితకాలానికి నింపిందే అంటారు. ఎక్స్‌5లో వచ్చే జడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల బాక్స్ తయారు చేసేవాళ్లే ఎనభై వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల లోపు మార్చమంటారు. ఫిల్టర్ ప్లాస్టిక్ ట్రేలోనే కలిసి ఉంటుంది, ట్రే మొత్తం మార్చాలి. బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకుని ధర తగ్గించు.

టైర్ల దగ్గర పిసినారితనం వద్దు. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర తగవు పడ్డట్టుంటుంది. నాలుగూ ఒకే కంపెనీవి, ఇంచుమించు ఒకే అరుగుదలవి ఉండాలి, లేకపోతే నాలుగు చక్రాలకీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బతింటుంది. టైరు పక్కన ఉండే తయారీ నంబరులో చివరి నాలుగు అంకెలు చదువు. 3121 అంటే 2021లో ముప్ఫై ఒకటో వారం.

మన ఇబ్బంది వేరే ఉంది. మీ సునాబెడలో హెచ్‌ఏఎల్ వాళ్లు యుద్ధ విమానాల ఇంజన్లు చేస్తారు గాని, నీ బండికి ఆయిల్ ఫిల్టర్ దొరకదు. దేనికైనా విశాఖ పోవాలి. అందుకని ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు ఒక జత ఇంట్లో పెట్టుకో. దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగనివ్వకు, ముందు చక్రాలెత్తి లాగే క్రేనూ వద్దు. ఫ్లాట్‌బెడ్ లారీ మీదే ఎక్కించాలి. సాలూరులో ఎవరి దగ్గరుందో ఇప్పుడే కనుక్కుని నంబరు రాసుకో.

సుంకి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆన్చి కూర్చోకు. రెండు టన్నుల పైన బరువున్న బండి. గేరు మాన్యువల్‌లో పెట్టి తక్కువ గేరులో దింపు. డిస్కు మీద కనీస మందం చెక్కి ఉంటుంది, ప్యాడ్లు మార్చినప్పుడల్లా కొలిపించు. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చాల్సిందే. వానాకాలం ముందు సన్‌రూఫ్ మూలల్లో నీళ్లు పోయే గొట్టాలు శుభ్రం చేయించు. ఆకులు అడ్డుపడ్డాయంటే ఆ నీళ్లు కార్పెట్ కింద ఉన్న ఎలక్ట్రానిక్ పెట్టెల్లోకే దిగుతాయి. పొగగొట్టంలో డీపీఎఫ్, అంటే డీజిల్ మసిని పట్టే ఫిల్టర్, ఉంటే ఇంటి నుంచి బజారుకీ బజారు నుంచి ఇంటికీ తిప్పితే మసి పట్టి పూడుకుపోతుంది. వారానికోసారైనా హైవే మీద అరగంట ఆపకుండా తోలు. బ్యాటరీ మార్చిస్తే కొత్తది వేసి ఊరుకోరాదు, కంప్యూటర్‌లో నమోదు చేయించాలి.

నా మాట అడిగితే, సర్వీసు పుస్తకం పూర్తిగా ఉన్నదాన్నే తీసుకో, అది ఏ బండయినా సరే. ఇప్పటికి బెంగళూరు ఎక్స్‌5కే బిల్లులున్నాయన్నావు. దాని ఆర్సీ నంబరు పంపు, సర్కారు వాహన్ వెబ్‌సైట్‌లో హైపోథికేషన్, అంటే బండి మీద అప్పు, చలాన్లు నేను చూసి పెడతాను. అమ్మకి ధర చెప్పేటప్పుడు మాత్రం రోడ్ టాక్స్, టైర్లు కలిపే చెప్పు. తర్వాత నన్ను నిలదీస్తుంది.

ఇట్లు,
మీ మావయ్య