గోధుమ తింటే కడుపు ఉబ్బుతోంది, గ్లూటెన్ పడనట్టేనా?

లక్షణాలను బట్టి అది తేల్చలేం. పరీక్షకు ముందే చపాతీ మానకండి. మానేశాక రక్తపరీక్ష చేయిస్తే సీలియాక్ జబ్బు (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల ఒంటి రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగును దెబ్బతీసే జబ్బు) ఉన్నా నెగటివ్ రావచ్చు. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. ఇప్పటికే మానేసి ఉంటే, డాక్టరుతో మాట్లాడి, కనీసం 6 వారాలు రోజూ రెండు పూటలా గోధుమ తిన్నాకే రక్తం ఇవ్వాలి. సీలియాక్‌ను పట్టే టీటీజీ-ఐజీఏ పరీక్షతో పాటు, రక్తంలో ఐజీఏ అనే యాంటీబాడీ మొత్తం ఎంతుందో చూసే పరీక్ష కూడా రాయించుకోండి. మొత్తం ఐజీఏ తక్కువుంటే టీటీజీ-ఐజీఏ ఫలితాన్ని నమ్మలేం.

సీలియాక్ కాదని తేలితే ఫ్రక్టాన్లను అనుమానించాలి. గోధుమలోనే కాదు, ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉండే పిండిపదార్థాలివి. 2018లో ప్రచురితమైన నార్వే అధ్యయనంలో, ఏది పెడుతున్నారో చెప్పకుండా ఇచ్చి చూస్తే, గ్లూటెన్ పడదనుకున్నవాళ్లకు ఎక్కువ ఇబ్బంది కలిగించింది ఇవే. అందుకే చపాతీలోకి ఏ కూర తిన్నారో కూడా రాసిపెట్టుకోండి.

రక్తహీనత, బరువు తగ్గడం ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు.