గోడ మీద పేరు: గ్రాఫిటీపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: లేడీ పింక్ బొమ్మలు చూసి గ్రాఫిటీ మీద మోజు పడ్డాను. ఇంట్లో వాళ్ళేమో దీంతో కూడు దొరుకుతుందా అంటున్నారు. ఆవిడ ఎలా నిలదొక్కుకున్నారు?
– ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: లేడీ పింక్ అసలు పేరు సాండ్రా ఫబారా. 1964లో ఈక్వడార్‌లో పుట్టి న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పెరిగారు. 1979లో సబ్‌వే (మెట్రో) రైళ్ళ మీద గ్రాఫిటీ, అంటే స్ప్రే రంగుతో పేర్లు, బొమ్మలు వేయడం మొదలుపెట్టి 1985 వరకు రాశారు. ఆవిడే మొదటి అమ్మాయి కాదు. బార్బరా 62, ఈవా 62 అనే మారుపేర్లతో ఇద్దరమ్మాయిలు డెబ్భైల్లోనే ఊరంతా పేర్లు రాసేశారు. పింక్ చేసిన తెలివైన పని వేరే ఉంది. ఒక పక్క రైళ్ళు, ఇంకో పక్క మాన్‌హటన్‌లోని హైస్కూల్ ఆఫ్ ఆర్ట్ అండ్ డిజైన్‌లో చదువు. 1983లో వచ్చిన ‘వైల్డ్ స్టైల్’ సినిమాలో నటించారు. ర్యాప్, డీజే, బ్రేక్‌డ్యాన్స్, గ్రాఫిటీ నాలుగింటినీ కలిపి చూపిన సినిమా అది. 1984లో ఫిలడెల్ఫియాలోని మూర్ కాలేజీలో సొంత ప్రదర్శన పెట్టారు. 1989 మే నెలలో న్యూయార్క్ తన చివరి గ్రాఫిటీ రైలును పట్టాల మీంచి తప్పించేనాటికి ఆవిడ చేతిలో కాన్వాసూ ఉంది, గోడా ఉంది.

మీరూ అంతే, ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఢిల్లీ నుంచి వచ్చిన డిజీ (కాజల్ సింగ్) గ్రాఫిటీతో పాటు హిప్ హాప్ డ్యాన్సూ చేస్తారు. డ్యాన్స్ బ్యాటిల్స్ జరిగేచోట లైవ్ పెయింటింగ్ అడిగి చేయండి. 8×4 అడుగుల ప్లైవుడ్ షీటుకు ముందురోజే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) కొట్టి తీసుకెళ్ళండి. మూసిన హాల్లో మామూలు స్ప్రే వద్దు, వాసనకి జనం లేచిపోతారు. నీటి ఆధారిత స్ప్రే గానీ, పెయింట్ మార్కర్లు గానీ వాడండి.

ప్రశ్న: హార్డ్‌వేర్ షాపులో దొరికే స్ప్రే డబ్బాతో వేస్తే రంగు కారిపోతోంది. నెలకే పొరలుగా ఊడిపోయింది కూడా. ఎక్కడ పొరపాటు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఊడటానికి గోడ కారణం, కారటానికి డబ్బా, చెయ్యి కారణం. ముందు గోడ సంగతి చూద్దాం. అరచేత్తో గట్టిగా రుద్దండి. తెల్లగా పొడి అంటితే అది సున్నం గోడ. దాని మీద ఎంత మంచి రంగు వేసినా సున్నంతో పాటే రాలుతుంది. తీగ బ్రష్‌తో గీకి, కడిగి, పూర్తిగా ఆరాక ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక కోటు, పైన ఎమల్షన్ రెండు కోట్లు రోలర్‌తో కొట్టండి. తెల్లని ఉప్పు మరకలు తేలుతుంటే లోపల చెమ్మ ఉన్నట్టు. అది ఆగేదాకా ఆ గోడ జోలికి పోవద్దు.

బైకులకు టచప్ వేసే డబ్బాల్లో ఒత్తిడి ఎక్కువ, రంగు పలచన. రేకు మీద మంచిదే కానీ గీతకి పనికిరాదు. గ్రాఫిటీకని చేసిన 400 మి.లీ. తక్కువ ఒత్తిడి డబ్బాలు కొనండి. నాజిల్‌ని ఇందులో క్యాప్ అంటారు. సన్న గీతకి స్కిన్నీ, నింపడానికి ఫ్యాట్. కొన్ని డబ్బాల వాల్వుకి పుల్ల పైకి ఉంటుంది, కొన్నిటికి రంధ్రమే ఉంటుంది. ఒకదాని క్యాప్ ఇంకోదానికి పట్టదు. విడిగా కొనేముందు ఇది చూసుకోకపోతే డబ్బు దండగ.

లోపలి గోళీ చప్పుడు మొదలయ్యాక మరో రెండు నిమిషాలు డబ్బాను ఊపండి. సన్న గీతకి గోడకి రెండు మూడు అంగుళాల దూరంలో పట్టి చెయ్యి వేగంగా లాగాలి. నింపేటప్పుడు అడుగు దూరం. చెయ్యి కదలడం మొదలయ్యాకే నొక్కండి, ఆగకముందే వదలండి. కారడమంతా గీత మొదట్లోనూ చివర్లోనూ చెయ్యి నిలిచిన చోటే. పని అయ్యాక డబ్బా తలకిందులు చేసి, గాలి మాత్రమే వచ్చేదాకా నొక్కితే క్యాప్ మూసుకుపోదు. మన ఎండాకాలంలో మధ్యాహ్నం గోడ కాలుతుంటుంది. రంగు గాల్లోనే ఆరి ఇసకలా గరుగ్గా పడుతుంది. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం అయిదు తర్వాత పని పెట్టుకోండి. డబ్బాలు కారులో వదలొద్దు, 50 డిగ్రీలు దాటితే పేలే ప్రమాదం ఉంది.

పెద్ద గోడకి బొమ్మ ఎక్కించడానికి గళ్ళు గీయక్కర్లేదు. గోడనిండా పిచ్చిగీతలు, అక్షరాలు గీసి ఫోన్‌తో ఎదురుగా నిలబడి ఫొటో తీయండి. మీ స్కెచ్‌ని ఫోన్లోనే ఆ ఫొటో మీద పారదర్శకంగా పెడితే, ముక్కు ఏ గీత పక్కన రావాలో, చెవి ఏ అక్షరం మీద పడాలో తెలిసిపోతుంది. కోణం మారితే కొలతలన్నీ తప్పుతాయి, అందుకే ఎదురుగానే తీయాలి.

ప్రశ్న: స్ప్రే వేసేటప్పుడు గుడ్డ మాస్కు చాలదా?
– కర్నూలు

జవాబు: చాలదు. ఎన్95 కూడా రంగు తుంపరనే ఆపుతుంది, ద్రావకపు ఆవిరిని కాదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (ఆ ఆవిరిని పట్టేసే డబ్బీ), దానిపై దుమ్ము ఫిల్టర్ ఉన్న హాఫ్ మాస్కు (ముక్కూ నోరూ కప్పేది) కావాలి. షాపులో సాధారణంగా మీడియం చేతిలో పెడతారు. చాలామంది ఆడవాళ్ళ ముఖానికి అది వదులు, స్మాల్ అడిగి తీసుకోండి. కార్ట్రిడ్జ్‌లను అరచేతులతో మూసి గాలి పీలిస్తే మాస్కు ముఖానికి అతుక్కోవాలి. అలా అతుక్కున్నా వాసన తెలిసిందంటే కార్ట్రిడ్జ్ అయిపోయినట్టే. బయట వదిలేస్తే వాడకపోయినా అయిపోతుంది, గాలి చొరని కవర్లో పెట్టండి. గర్భవతులు స్ప్రే పని పూర్తిగా ఆపడమే మేలు.

ప్రశ్న: ఒక కేఫ్ వాళ్ళు 20×10 అడుగుల గోడ ఇస్తామన్నారు. ఎంత అడగాలి? రేపు వాళ్ళు సున్నం కొట్టేస్తే?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు సామాను లెక్కకట్టండి. 200 చదరపు అడుగులకు రెండు కోట్ల ఎమల్షన్ సుమారు 4 లీటర్లు. నేపథ్యం రోలర్‌తో లాగించి సగం గోడకే స్ప్రే వేసినా 12 నుంచి 15 డబ్బాలు పోతాయి. పరిమాణం కన్నా రంగుల సంఖ్యే డబ్బాలు పెంచుతుంది. దీనికి నిచ్చెన లేదా సారువ అద్దె, సహాయకుల కూలి, మీ రోజుల కూలి, డిజైన్ రుసుము కలపండి. డిజైన్‌ని విడిగా చూపించండి, లేకపోతే పెయింటర్ రేటుకి బేరమాడతారు. సగం అడ్వాన్సు అందాకే రంగులు కొనండి. స్కెచ్‌కి రెండు మార్పులే ఉచితమని ముందే రాయించండి.

చెరిపేయడం గురించి న్యూయార్క్‌లోని 5 పాయింట్జ్ (గోడలనిండా గ్రాఫిటీ ఉన్న పాత ఫ్యాక్టరీ భవనం) కేసు తెలుసుకోవాలి. 2013 నవంబరులో యజమాని రాత్రికి రాత్రి ఆ గోడలకు తెల్ల రంగు కొట్టించారు. అమెరికా చట్టం ప్రకారం ఇవ్వాల్సిన 90 రోజుల నోటీసు ఇవ్వలేదు. 2018లో కోర్టు 21 మంది కళాకారులకు 67.5 లక్షల డాలర్లు ఇమ్మంది. 2020లో పై కోర్టూ సమర్థించింది. ఫిర్యాదుదారుల్లో లేడీ పింక్ కూడా ఉన్నారు. మన దగ్గర తన కళను పాడుచేస్తే నిలదీసే హక్కు కళాకారులకు ఇచ్చే కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ఉంది. దాని కిందే 2005లో ఢిల్లీ హైకోర్టు అమర్‌నాథ్ సెహగల్ కేసులో శిల్పికి 5 లక్షల రూపాయలు ఇప్పించింది. అయినా కేఫ్ గోడ కోసం కోర్టుకెక్కే ఓపిక ఎవరికి? ఒప్పందంలోనే ఎన్నేళ్ళు ఉంచాలో, చెరిపేముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో రాయించండి. కేఫ్ అద్దె గోడైతే ఇంటి యజమాని సంతకం కూడా తీసుకోండి. పని పూర్తయిన రోజే పగటి వెలుతురులో ఫొటోలు తీసి దాచుకోండి.