ముందు ఆ అబ్బాయి క్లెయిము, తర్వాతే మీ గీతలు

ప్రశ్న: మా పట్టణంలో నాలుగున్నర నెలల క్రితం, సైకిల్ మీద బడికి వెళుతున్న తొమ్మిదో తరగతి అబ్బాయిని లారీ ఢీకొట్టింది. కాలు విరిగింది. మున్సిపాలిటీకి ఎన్నిసార్లు చెప్పినా ఫలితం లేదు. మనసు ఆగక ఆరుగురు మిత్రులం రాత్రికి రాత్రి రోడ్డు అంచున తెల్ల గీత గీసి, సిమెంటు నింపిన పెయింటు డబ్బాలు వరుసగా పెట్టాం. పది రోజులకు ఒక బైకు డబ్బాకు తగిలి, నడుపుతున్న వ్యక్తి చెయ్యి విరిగింది. పోలీసులు నోటీసిచ్చారు. డబ్బాలు తీసేసి, ఫోన్లలో సందేశాలు చెరిపేయమని ఒకరి సలహా. పిల్లల కోసమే చేశామని కోర్టు అర్థం చేసుకోదా?

జవాబు: అన్నిటికంటే తొందర పడాల్సిన విషయాన్ని మీరు ఒక్క మాటలో దాటేశారు. ఆ అబ్బాయి తరఫున నష్టపరిహారం పిటిషన్ వేశారా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలి. ఈ గడువును సవాలు చేస్తూ కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. దాన్ని నమ్ముకుని ఒక్క రోజు కూడా పోగొట్టుకోవద్దు. గీత గీయడానికి ఆరుగురు కలిసిన మీరు, నాలుగున్నర నెలల్లో ఆ తల్లిదండ్రులను ఒక్కసారి వకీలు దగ్గరకు తీసుకెళ్లలేకపోయారా? ఎఫ్ఐఆర్ నకలు, లారీ బీమా వివరాలు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, బిల్లులు తీసుకుని ఈ వారమే వెళ్లండి. మైనరు కాబట్టి తండ్రో తల్లో పిటిషన్ వేస్తారు.

ఇక మీ కేసు. మీ మనసు మంచిదా కాదా అన్నది ఇక్కడ తేల్చే ప్రశ్న కాదు. రోడ్డు మీద ఆ బరువు పెట్టడానికి రాతపూర్వక అనుమతి ఉందా, చీకట్లో అది కనిపించే ఏర్పాటు చేశారా అన్నదే ప్రశ్న. హెడ్‌లైటు పడితే మెరిసే పట్టీని డబ్బాకు అంటించినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. దారిలో అడ్డంకి పెట్టినందుకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 285 కింద 5,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం. సెక్షన్ 125 కింద 3 ఏళ్ల వరకు జైలు ఉండవచ్చు. సదుద్దేశం శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుంది, అంతే.

ఆ మిత్రుడి సలహా మాత్రం వినకండి. సాక్ష్యంగా రాకుండా సందేశాలు చెరిపేయడం సెక్షన్ 241 కింద మరో నేరం. జరిమానాతో పోయే అవకాశమున్న వ్యవహారాన్ని మీ చేతులతో మీరే పెంచుకుంటారు. డబ్బాలను అలాగే వదిలేసినా ఇంకొకరు పడతారు. కాబట్టి టేపుతో కొలిచి, ఫొటోలు తీసి, తొలగిస్తామని స్టేషన్‌లో రాసిచ్చి, పోలీసుల సమక్షంలోనే తీయండి. నోటీసు తారీఖుకు వకీలుతో హాజరు కండి. గాయపడిన వ్యక్తితో రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో నమోదు చేయించండి. తెల్లకాగితం మీద సంతకాలు తీసుకుని డబ్బు ఇవ్వవద్దు.

మున్సిపాలిటీకి “ఎన్నిసార్లు చెప్పినా” అన్నారు. ఎవరికి, ఏ తారీఖున? ముద్ర వేసిన రసీదు ఒక్కటైనా ఉందా? లేకపోతే కోర్టు దృష్టిలో మీరు ఏమీ చెప్పనట్టే. సైకిల్ దారుల కొలతలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలున్నాయి, ఐఆర్‌సీ 11 అంటారు. ఆ రోడ్డు మీద వాటిని పాటించారా, లేదా అని 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దానితో పాటు రోడ్డు ఫొటోలూ భద్రపరచండి. వాట్సాప్‌లో తిరిగినవి కాదు, ఫోన్‌లో ఉన్న అసలు ఫైళ్లు. వాటికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రం, అంటే డిజిటల్ ఫైలును సాక్ష్యంగా తీసుకోవడానికి ఇచ్చే ధ్రువీకరణ, జత చేయాలి.

ఈ కాగితాలతో భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152 కింద, దారిలో ప్రజలకున్న ప్రమాదాన్ని తొలగించేలా ఆదేశించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు పిటిషన్ పెట్టవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షన్ 133 ఇదే. 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో, నిధులు లేవన్న సాకుతో మున్సిపాలిటీ తన బాధ్యత తప్పించుకోలేదని సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్‌లో బడి ప్రధానోపాధ్యాయుడి చేత సంతకం చేయించండి. రోజూ ఆ దారిన సైకిళ్ల మీద వచ్చే పిల్లల సంఖ్య హాజరు పట్టిక చూసి ఆయనే రాసిస్తే ఇంకా మేలు.