అమ్మ చేతికి కొత్త ఫోన్ ఇచ్చే ముందు

మీరు అడిగింది ఇదీ: ఒడిశాలోని గుణుపూర్‌లో ఉండే మీ అమ్మగారికి 59 ఏళ్లు, ఇన్నాళ్లూ బటన్ ఫోనే వాడారు, ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ కొన్నారు, ఆవిడ తెలుగు చదవగలరు గానీ ఒడియా, ఇంగ్లీషు రావు, ఎక్కడ మొదలుపెట్టాలి అని. మాదీ ఒడిశాలోనే, సరిహద్దు ఊరు పర్లాకిమిడి. మా అమ్మ పుట్టిల్లు ఆంధ్రా వైపు పాతపట్నం, నాన్న ఇక్కడే ఒడియా బడిలో చదువుకున్నారు. అందుకని మా ఇంట్లో మాట్లాడేది ఒకే తెలుగు అయినా, చదవడానికి వచ్చేసరికి అమ్మది ఒక లిపి, నాన్నది ఇంకో లిపి. ఇద్దరికీ ఫోన్ నేనే నేర్పాను, ముందు ఒక తప్పు జరిగాకే నేర్పాను, కాబట్టి ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

ఫోన్‌ను కొన్నచోటే సెట్ చేయించకండి. మేం అలాగే చేశాం. షాపులో కుర్రాడు ఐదు నిమిషాల్లో ఏదో పేరుతో గూగుల్ అకౌంట్ తెరిచి, భాష ఇంగ్లీషులోనే ఉంచి, కవరు తొడిగి చేతిలో పెట్టాడు. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. ఒకరోజు అమ్మ లాక్ మరిచిపోయింది, ఎంత ప్రయత్నించినా తెరుచుకోలేదు, తెలిసినాయన దగ్గర రీసెట్ చేయిస్తే అప్పుడు ఫోన్ పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడిగింది. అది మాలో ఎవరికీ తెలీదు, షాపులో అడిగితే వాళ్లకూ గుర్తులేదు. ఫోన్ దొంగ చేతికి చిక్కినా పనికిరాకుండా ఉండాలని ఆండ్రాయిడ్‌లో పెట్టిన తాళం అది, మంచిదే, కానీ సొంతవాళ్లమే బయట నిలబడిపోయాం. బిల్లు ఉండబట్టి సర్వీస్ సెంటర్‌లో తెరిపించుకోగలిగాం. మా మేనకోడలి బారసాల ఫోటోలు మాత్రం పోయాయి. అమ్మ ఆ ఫోటోల గురించి ఇప్పటికీ అడుగుతుంది, నా దగ్గర జవాబు లేదు.

అందుకే మొదటి రోజు చేయాల్సినవి రెండే. ఒకటి, గూగుల్ అకౌంట్ మీ అమ్మగారి పేరునే తెరవండి. పాస్‌వర్డ్‌ను పాల లెక్క రాసే నోట్‌బుక్కులో కాకుండా బీరువాలో బ్యాంకు పుస్తకంతో పాటు ఉండే కాగితం మీద రాయండి, పాస్‌వర్డ్ మరిచిపోతే పనికొచ్చేలా రికవరీ నంబరుగా మీ నంబరు ఇవ్వండి. పేర్లు, నంబర్లు సిమ్‌లో కాకుండా ఆ అకౌంట్‌లో సేవ్ అయ్యేలా చూడండి, ఫోటోల బ్యాకప్ ఆ రోజే ఆన్ చేయండి. *#06# నొక్కితే ఐఎమ్‌ఈఐ నంబరు, అంటే ఆ ఫోన్‌ను గుర్తుపట్టే నంబరు, వస్తుంది, రెండు సిమ్‌ల ఫోనైతే రెండు వస్తాయి, అవి కూడా అదే కాగితం మీద రాసి బిల్లుకు పిన్ను కొట్టండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు చేశాక సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో దాన్ని బ్లాక్ చేయించడానికి ఈ నంబరే కావాలి.

రెండోది భాష. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో భాషలు, అక్కడ తెలుగు కలిపి పైకి లాగండి. కొన్ని కంపెనీల ఫోన్లలో దారి కాస్త వేరుగా ఉంటుంది గానీ సెట్టింగ్స్ పైన వెతికేచోట భాష అని కొడితే దొరుకుతుంది. ఇంగ్లీషులో ఉంటేనే మాకు నేర్పడం తేలిక అని చాలామంది పిల్లలు అలాగే వదిలేస్తారు. నేర్పేవాళ్ల సౌకర్యం ముఖ్యమా, వాడేవాళ్లదా? తెలుగులోకి మార్చిన రోజు మా అమ్మ తెర మీద ‘గ్యాలరీ’, ‘కెమెరా’, ‘గడియారం’ అని ఒక్కోటి పైకి చదువుకుంది, ఆ తర్వాత నన్ను అడగకుండా తనే ఒక్కోటి తెరిచి చూసింది. అంతకు ముందు ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా అలా చేయలేదు. అక్షరాల సైజు, డిస్‌ప్లే సైజు రెండూ పెంచండి, ఒకటి పెంచితే చాలదు.

ఇక వేలు. ఇది ఎవరూ చెప్పరు గానీ అసలు ఇబ్బంది ఇక్కడే. బటన్ ఫోన్ వాడినవాళ్లు గట్టిగా, నిలిపి నొక్కుతారు, దాన్ని ఫోన్ వేరే పనిగా తీసుకుంటుంది, బొమ్మ కదిలిపోతుంది, లేదా ఏదో లిస్టు తెరుచుకుంటుంది, వాళ్లు ఏదో పాడుచేశామని భయపడి ఫోన్ పక్కన పెట్టేస్తారు. నేను ఎంత మెల్లగా నొక్కమన్నా అమ్మకు కుదరలేదు. చివరికి ‘బొట్టు పెట్టినట్టు తాకి తీసెయ్యమ్మా’ అన్నాను. అంతే, పట్టుబడిపోయింది. తెర జరపడానికి ‘ముగ్గు గీత లాగినట్టు’ అన్నాను. మీరు కూడా ఆవిడ చేతికి అలవాటైన పనితోనే పోల్చి చెప్పండి. అప్పటికీ కష్టమైతే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది, అందులో తాకి పట్టుకునే సమయాన్ని ఎక్కువకు మార్చండి. వంటింటి పనికి వేళ్లు అరిగి వేలిముద్ర పట్టకపోతే అదే వేలును రెండుసార్లు నమోదు చేయండి, మా ఇంట్లో అలాగే కుదిరింది. పిన్ కూడా తప్పకుండా పెట్టండి, ఎందుకంటే ఫోన్ రీస్టార్ట్ అయినప్పుడు వేలిముద్ర చాలదు.

టైపింగ్ నేర్పడానికి తొందరపడకండి. గూగుల్ కీబోర్డులో తెలుగు కలిపి, మైక్ గుర్తు చూపించండి. తెలుగులో మాట్లాడితే తెలుగులోనే రాస్తుంది. మా వైపు యాసలో గబగబా ‘ఏటి సేత్తన్నావు’ అంటే ఒక్కోసారి తప్పు రాస్తుంది, కాస్త నిదానంగా అంటే బాగానే పడుతుంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, అమ్మ తన మాటను తెర మీద అక్షరాలుగా చూసి నవ్వినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు. వాట్సాప్‌లో అయితే మైక్ నొక్కిపట్టి మాట్లాడి వదిలేస్తే మాటే వెళ్లిపోతుంది, నాన్నకు తెలుగు చదవడం రాదు కాబట్టి వాళ్లిద్దరి కబుర్లు ఇప్పటికీ అలాగే నడుస్తున్నాయి.

మన వైపు ఇంకో చిక్కు ఉంది, మీకూ వచ్చే ఉంటుంది. బడి గ్రూపులో, పంచాయతీ గ్రూపులో కబురంతా ఒడియాలో వస్తుంది. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2020 నుంచి ఒడియా ఉంది. మెసేజ్‌ను నొక్కిపట్టి కాపీ చేసి అందులో పెడితే తెలుగులో చూపిస్తుంది, స్పీకర్ గుర్తు నొక్కితే చదివి వినిపిస్తుంది కూడా. అనువాదం అంత అందంగా ఉండదు, తేదీ, డబ్బు లెక్క ఉన్న మెసేజ్ అయితే ఎవరినైనా ఒకసారి అడగడం మంచిది, కానీ సెలవు ఎప్పుడో, మీటింగ్ ఎక్కడో తెలుసుకోవడానికి సరిపోతుంది. అమ్మకు ఇది నేర్పడానికి వారం పట్టింది. ఆ వారం దండగ అనిపించలేదు, పక్కింటివాళ్ల దగ్గరికి పోయి ఇదేం రాసుందో చెప్పండమ్మా అని అడగాల్సిన పని తప్పింది కదా.

సిగ్నల్ సంగతి. ఒడిశా ఒక టెలికాం సర్కిల్, ఆంధ్రా, తెలంగాణ కలిపి ఇంకోటి. సరిహద్దులో ఫోన్ ఒకసారి ఈ టవర్, ఒకసారి ఆ టవర్ పట్టుకుంటూ ఉంటుంది. రోమింగ్ అని కనబడితే టెన్షన్ పడకండి, ఈ రోజుల్లో మామూలు ప్లాన్లలో దేశం లోపల దానికి విడిగా డబ్బు పోదు. సిగ్నల్ కోసం ఊరికే వెతుకుతూ ఉంటే మాత్రం బ్యాటరీ కరిగిపోతుంది. మీ వీధిలో 5జీ సరిగా అందకపోతే నెట్‌వర్క్‌ను 4జీకి మార్చి చూడండి, మాకు తేడా తెలిసింది.

కొత్త ఫోన్‌ను ముందు ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాలని ఎవరో ఒకరు చెబుతారు, అక్కర్లేదు, అది పాతకాలం బ్యాటరీల మాట. ఇప్పటి లిథియం బ్యాటరీకి హాని చేసేది వేడి. దిండు కింద పెట్టి ఛార్జింగ్ చేయొద్దు, పొయ్యి గట్టు మీద పెట్టొద్దు. ఒక పవర్ బ్యాంక్ కొనండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన జిల్లాల్లో కరెంటు లేక ఎలా గడిచిందో మీకు తెలుసు, ఫోన్ చచ్చిపోతే మనవాళ్లు ఎలా ఉన్నారో కనుక్కునే దారి ఉండదు. అత్యవసరానికి 112 గుర్తుండాలి. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి వెర్షన్ల ఫోన్లు చాలావాటిలో పవర్ బటన్ ఐదుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్లేలా పెట్టుకోవచ్చు.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కావడం ఆపేయండి, లేకపోతే శుభోదయాలతోనే ఫోన్ నిండిపోతుంది.

డబ్బు పంపే యాప్ మాత్రం చివర్న, నెల రోజులు ఫోన్ అలవాటయ్యాకే పెట్టండి. ముందు ఒక్క మాట ఆవిడ చేత పదిసార్లు చెప్పించండి: డబ్బు మనకు రావాలంటే పిన్ కొట్టక్కర్లేదు. పంపడానికీ, ఖాతాలో ఎంతుందో చూడడానికీ మాత్రమే పిన్ కావాలి. ‘మీకు డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి’ అని ఎవరన్నా అంటే అది మోసమే, ఎంత తీయగా, ఏ భాషలో చెప్పినా సరే. ఓటీపీ బ్యాంకువాళ్లమన్నా చెప్పకూడదు. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా అప్పటికప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. పోయిందని చెబితే పిల్లలు కోప్పడతారని పెద్దవాళ్లు దాచేస్తారు, అందుకే కోప్పడనని మీరు ముందే మాటివ్వండి. నేను అమ్మకు ఇచ్చాను.

మీ అమ్మగారి ఫోన్ ఏ కంపెనీదో, ఆండ్రాయిడ్ ఎన్నో వెర్షనో కింద రాయండి, ఏ సెట్టింగ్ ఎక్కడుందో చూసి చెబుతాను.