బాంబులకు కూలని, జర్మనీలోని లైప్జిగ్ నగర చర్చిని తర్వాత ఎందుకు కూల్చారు?

శిథిలమై కాదు, అడ్డుగా ఉందని. 1240లో డొమినికన్ సన్యాసుల మఠానికి ప్రతిష్ఠ జరిగిన పౌలినర్ చర్చి ఇది. 1545లో మత సంస్కర్త మార్టిన్ లూథర్ దీన్ని ప్రొటెస్టంట్ చర్చిగా మార్చి ప్రతిష్ఠించాడు. 1943 డిసెంబర్ బాంబుదాడిని కూడా పెద్దగా దెబ్బతినకుండా తట్టుకుంది.

కానీ కార్ల్ మార్క్స్ పేరు పెట్టుకున్న కూడలిలో చర్చి ఉండటం తూర్పు జర్మనీ కమ్యూనిస్టు పాలకులకు నచ్చలేదు. 1968 మే 23న నగర మండలి ఓటేసింది, 30న పేల్చేశారు. మధ్యలో వారమే! లోపలి కళాఖండాలను హడావిడిగా, దొరికినన్ని బయటికి తెచ్చారు.

జూన్ 20న బాహ్ పేరిట జరిగే సంగీత పోటీ వేదిక మీద, అలారం గడియారం మోగే వేళకు ‘తిరిగి కట్టాలి’ అన్న బ్యానర్ దానంతటదే విప్పుకుంది. భలే తెలివి! అక్కడిప్పుడున్న పౌలినుమ్ (విశ్వవిద్యాలయ సభామందిరం, చర్చి కలిసిన భవనం) 2017లో తెరుచుకుంది.