ఈకల బట్ట మొదలుపెట్టే ముందు

చి.సౌ. వసంతకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంకాలకంటే ముందు పెరూలో రాజ్యమేలిన 'వారీ' వాళ్ళ ఈకల పలకకి, అంటే ఈకలు కుట్టిన బట్టకి, నమూనా చేస్తానన్నావు, మంచిదే. గమ్ సీసా మాత్రం దగ్గర పెట్టుకోకు. 1943లో దక్షిణ పెరూలోని కొర్రల్ రెడొండోలో, పెద్ద మట్టికుండల్లో చుట్టిపెట్టిన 96 పలకలు దొరికాయి. వెయ్యేళ్ళు దాటినా ఆ ఈకల్ని పట్టి ఉంచింది ముడే.

ముందు బట్ట. తానులోంచి కత్తిరించకు. మన చీరనైనా మగ్గం మీంచి కోసి దించుతాం. ఆండీస్ నేతలో అదీ లేదు. పడుగు (నిలువు) పోగుని రెండు కొసల్లోనూ తాడు మీంచి మలిచి తిప్పుతారు, అందుకే నాలుగు పక్కలా అంచే. చట్రం మీద 30 సెం.మీ. వెడల్పు, 10 ఎత్తు నూలుబట్ట అలా నెయ్యి. చివరి రెండు మూడు సెంటీమీటర్లలో పడుగు పోగుల మధ్య సందు తెరుచుకోదు, పేకని (అడ్డపోగుని) సూదితో దూర్చాల్సిందే. అక్కడ విసుక్కుని వదులుగా లాగావంటే నేత అక్కడే జారుతుంది.

రంగు వేసిన కోడి ఈకలు చాలు, 4 సెం.మీ.వి. నీలం 360, పసుపు 360. విరిగేవాటితో కలిపి 800 తెచ్చుకో. కాడ కొస ఒక సెంటీమీటరు దారం మీంచి వెనక్కి మడిచి, రెండో దారంతో ఆ మడతని ముడేసి బిగించు. ఎండు కాడ పుటుక్కున విరుగుతుంది, ముందు కాసేపు తడిగుడ్డలో చుట్టి ఉంచు. దారానికి 90 ఈకలు, ఒక సగం నీలం, రెండో సగం పసుపు. మొత్తం ఎనిమిది దారాలు.

కుట్టడం కింది నుంచి. కప్పు నేసేవాళ్ళు చూరు దగ్గర మొదలెట్టినట్టే. లేకపోతే ముడులన్నీ బయటే. మొదటి దారం కింది అంచుకి 3 సెం.మీ. పైన, ఆపైన సెంటీమీటరుకొకటి. సగం ఎత్తులో రంగులు తారుమారు కావాలి. ఎనిమిదిలో సగం నాలుగు కదా అని ఐదో దారంలో మార్చేవు! రంగు గీత కనబడేది ఈక కొస దగ్గర, దారం దగ్గర కాదు. కొస సరిగ్గా నడిమికి వచ్చేది ఆరో దారానికే.

నాలుగు గళ్ళేగా అనుకోకు. రెండు రంగులూ ఒకే మకావ్ చిలకవి: వీపు నీలం, పొట్ట పసుపు. అది తీరపు ఎడారి పిట్ట కాదు, కొండలకి ఆవలి అమెజాన్ అడవిది. అసలు పలక సుమారు 210 సెం.మీ. వెడల్పు, 70 ఎత్తు. నీ లెక్కనే వేసినా 42,000 ఈకలు దాటతాయి. అంత దూరం నుంచి తెప్పించి, అన్ని ముడులు వేయించగలగడమే అక్కడ గొప్ప. తర్వాతి ఇంకాలూ 'కుంబి' అనే మేలినేతని రాజు చేతి బహుమానంగా ఇచ్చారు, మంటల్లో దేవుళ్ళకి అర్పించారు. కాబట్టి నమూనా పక్కన చీటీలో 'అలంకరణ' అని రాయకు.

అస్తరు కూడా వేయకు. వెనక్కి తిప్పితే కుట్ల వరసలు కనబడాలి.

పెద్దమ్మ